చిన్న ఔట్‌బోర్డ్ మోటారులో ప్లగ్ మర పోతే బాగుచేసుకోవడం ఎలా

ఔట్‌బోర్డ్ అంటే బోటు వెనక బిగించే మోటారు. దాని స్పార్క్ ప్లగ్ బిగించేటప్పుడు చివర్లో పానాకి ఎదురు రావాలి. ఎదురు రాకుండా ఇంకో అర చుట్టు, ఇంకో చుట్టు తిరుగుతూనే ఉంటే అక్కడితో ఆపేయండి. మర పోయింది. ఇంకొంచెం తిప్పితే పట్టుకుంటుందేమోనని తిప్పే కొద్దీ మిగిలిన కాస్త అల్యూమినియం కూడా చెక్కుకుపోతుంది.

నాకు ఈ సంగతి మా బావ బోటు దగ్గర తెలిసింది. మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో మోటారు బోట్లకు వేట నిషేధం. వలలు అల్లుకునేది, మోటార్లు విప్పి చూసుకునేది ఆ రెండు నెలల్లోనే. 9.9 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ మోటారు ప్లగ్ విప్పుతున్నాను. మొదట గట్టిగా ఉంది, తర్వాత కిర్రుమంది, ఆ తర్వాత వదులుగా తిరిగి బయటికొచ్చేసింది. చూస్తే ప్లగ్ మరల సందుల్లో వెండి తీగలాంటిది చుట్టుకుని ఉంది.

"బావా, దీనికి స్ప్రింగ్ ఉంటుందా?" అని అడిగాను.

"అది స్ప్రింగ్ కాదురా, హెడ్డు" అన్నాడు.

అంతకు ముందు సంవత్సరం ఆ ప్లగ్‌ని బిగించింది నేనే. పొడవాటి హ్యాండిల్ పెట్టి, వదులవకూడదని బలమంతా వేసి బిగించాను.

ప్లగ్ ఒళ్ళు ఉక్కు, అది ఎక్కే హెడ్డు, అంటే సిలిండరు మూత, అల్యూమినియం. రెండూ తలపడితే ప్రతిసారీ ఓడేది హెడ్డే. దానికి తోడు ఉప్పు నీళ్ళ తడి చేరితే ఆ రెండు లోహాల మధ్య తుప్పు పుట్టి ప్లగ్ అతుక్కుపోతుంది. ఇంజన్ వేడి మీద ఉన్నప్పుడు విప్పినా, మొదటి చుట్టు వంకరగా ఎక్కించినా, పొట్టి ప్లగ్ వాడాల్సిన చోట పొడుగుది వాడినా చివరికి ఇదే జరుగుతుంది.

ఒక మాట ముందే చెబుతాను. ఈ పనిలో మర కోయడం పెద్ద కష్టం కాదు. మర కోసే పనిముట్టుని, అంటే ట్యాప్‌ని నిటారుగా నడపడం, కోసిన రజను సిలిండర్లో పడకుండా చూడడం, ఈ రెండే కష్టం. కింద చెప్పేదంతా ఆ రెండింటి కోసమే.

ముందు ఎంత పోయిందో చూడండి

ఇంజన్ పూర్తిగా చల్లారనివ్వండి. కిల్ స్విచ్ తాడు తీసేయండి. పెట్రోల్ పైపు ఊడదీసి, కార్బురేటర్లో మిగిలింది కూడా వదిలేయండి. ప్లగ్ క్యాప్‌ని రంధ్రానికి దూరంగా కట్టేయండి.

మంచి టార్చి, చిన్న అద్దం తీసుకుని రంధ్రంలోకి చూడండి. చాలా చిన్న టూ స్ట్రోక్ ఔట్‌బోర్డ్‌లకు వచ్చేది 14 ఎంఎం ప్లగ్. మర పిచ్ (చుట్టుకీ చుట్టుకీ మధ్య దూరం) 1.25 ఎంఎం, మర పొడవు 12.7 ఎంఎం. అంటే మొత్తం మీద పది చుట్లే. అందులో బయటి వైపు ఒకటి రెండు మాత్రమే నలిగి, లోపలివి పదునుగా మెరుస్తుంటే మీ అదృష్టం బాగున్నట్టే, కొత్త మర వేయాల్సిన పని లేదు, ఉన్నదాన్ని సరిచేస్తే చాలు. సగానికి పైగా పోతే ఇన్‌సర్ట్, అంటే రంధ్రంలో కొత్త మరగా కూర్చునే తీగ చుట్ట, వేయక తప్పదు. రంధ్రం నుంచి పక్కకి సన్నటి పగులు గీత కనిపిస్తే ఈ వ్యాసం పక్కన పెట్టేయండి. ఆ హెడ్డుకి ఆర్గాన్ వెల్డింగ్ చేయించాలి, లేదా వేరే హెడ్డు చూసుకోవాలి.

కొలతని ఊహించుకోకండి. పాత ప్లగ్ మీద ఉన్న నంబరు చదవండి. ఎన్‌జీకే కంపెనీ ప్లగ్ నంబర్లలో మొదటి అక్షరం బీ అయితే 14 ఎంఎం, డీ అయితే 12 ఎంఎం, సీ అయితే 10 ఎంఎం. అంకె తర్వాత హెచ్ ఉంటే మర పొడవు 12.7 ఎంఎం, ఈ ఉంటే 19 ఎంఎం. బీ7హెచ్‌ఎస్ అంటే 14 ఎంఎం పొట్టి మర అన్నమాట. అయితే ఆ బోటుకి అసలు ప్లగ్ అదేనా, ఎవరో దొరికింది పెట్టేశారా అన్నది మోటారు పుస్తకంలో చూసి తేల్చుకోండి. పొట్టి మర ఉన్న హెడ్డులో 19 ఎంఎం ప్లగ్ పెడితే 6 ఎంఎంకి పైగా లోపలికి పొడుచుకొచ్చి పిస్టన్‌కి తగలొచ్చు. తగలకపోయినా ఆ లోపలి మరల మీద బొగ్గు పేరుకుంటుంది, విప్పేటప్పుడు ఆ బొగ్గే హెడ్డు మరల్ని గీరేస్తుంది.

యమహా ఆర్‌ఎక్స్100 బండిది కూడా 14 ఎంఎం పొట్టి మర ప్లగ్గే. కాబట్టి మీ ఊళ్ళో పాత టూ స్ట్రోక్ బళ్ళు బాగుచేసే మెకానిక్ ఉంటే ఆయన దగ్గర ఈ కొలత ట్యాప్ ఉండే అవకాశం ఎక్కువ. స్ప్లెండర్ లాంటి బళ్ళవి 10 ఎంఎం. ఆ కిట్ తెచ్చుకుంటే పనికి రాదు.

వదులుగానే నడిపేయొచ్చుగా?

చాలామంది అడిగే ప్రశ్నే ఇది. టెఫ్లాన్ టేపు చుట్టి, ఎం-సీల్ పూసి ప్లగ్ నిలబెట్టిన వాళ్ళని చూశాను. ప్లగ్ ముక్కు నడిచేటప్పుడు దాదాపు 450 నుంచి 850 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కుతుంది. ఆ వేడి బయటికి పోయే దారి ముఖ్యంగా మరలు, వాటి పైన వాషర్ కూర్చునే చోటు. అక్కడ పట్టు లేకపోతే వేడి పోదు. ముక్కు నిప్పులా ఎర్రబడి, నిప్పురవ్వ రాకముందే మిశ్రమాన్ని అంటించేస్తుంది. అలా నడిస్తే పిస్టన్ నెత్తి కరిగి చిల్లు పడుతుంది. పైగా ప్లగ్‌కి ఎర్త్ అందేది కూడా ఈ మరల నుంచే. మధ్యలో టేపు, జిగురు పెడితే అదీ పోతుంది. తీరానికి ఐదారు మైళ్ళ దూరంలో ప్లగ్ ఎగిరిపోతే ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు.

ఒకటి రెండు చుట్లే నలిగితే

పాత ప్లగ్ ఒకటి, అదే కొలతది, మరలు బాగున్నది తీసుకోండి. హాక్సా బ్లేడుతో దాని మరల మీద నిలువునా మూడు నాలుగు గాళ్ళు కోయండి. ఆకురాయితో గరుకు తీసేయండి. ఇప్పుడది మరలు శుభ్రం చేసే పనిముట్టు అయింది. ఆ గాళ్ళలో గ్రీజు నింపి, చేత్తోనే మెల్లగా ఎక్కించండి. పావు చుట్టు ముందుకి, కొంచెం వెనక్కి. బిగుసుకున్నట్టు అనిపిస్తే తీసి, తుడిచి, మళ్ళీ గ్రీజు నింపండి. బలం మాత్రం వేయకండి. దీనికి కొత్త మర కోసే శక్తి లేదు, వంగినదాన్ని సరిచేసేంత శక్తే ఉంది.

దుకాణంలో బ్యాక్ ట్యాప్ అనే పనిముట్టు దొరుకుతుంది. ముడిచి లోపలికి పంపి, లోపల విప్పి, వెనక్కి లాగుతూ మర సరిచేస్తుంది. లోపలి మరలు బాగున్న వైపు నుంచి మొదలవుతుంది కాబట్టి వంకరపోయే భయం తక్కువ, రజను కూడా బయటి వైపుకే వస్తుంది. దొరికితే అదే మేలు.

హెడ్డు విప్పాలా, ఉంచే చేయాలా

మర సగానికి పైగా పోయిందనుకుందాం. అసలు టెన్షన్ ఇక్కడే.

హెడ్డు విప్పి బల్ల మీద పెట్టుకుంటే రజను గొడవ ఉండదు, మూలమట్టం పెట్టి కొలుచుకోవచ్చు, లోపలి వైపు ఇన్‌సర్ట్ ఎక్కడిదాకా వచ్చిందో కళ్ళతో చూడొచ్చు. చిన్న టూ స్ట్రోక్ మోటార్లలో చాలావాటికి హెడ్డు విడిగా, నాలుగైదు బోల్టులతో ఉంటుంది. కొన్నిటికి దాని మీద ఇంకో మూత, మధ్యలో నీళ్ళు తిరిగే దారి, ఇంకో గ్యాస్కెట్ ఉంటాయి. మీ మోటారు ఇలాంటిదైతే విప్పేయండి.

కానీ ఏళ్ళ తరబడి ఉప్పు నీళ్ళలో తిరిగి, ఒక్కసారి కూడా హెడ్డు తెరవని మోటారు అయితే ఒక్క క్షణం ఆలోచించండి. ఆ బోల్టులు అల్యూమినియంలో అతుక్కుపోయి ఉంటాయి. పానా వేసినప్పుడు 'టక్' మని వదలకుండా మెత్తగా మెలితిరుగుతున్నట్టు అనిపిస్తే ఆపేయండి, ఇంకో పావు చుట్టుకి విరుగుతుంది. పోయిన ప్లగ్ మర కంటే లోపల విరిగిన బోల్టు పెద్ద తలనొప్పి. తుప్పు వదిలించే నూనె కొట్టి ఒక రాత్రి ఉంచి, హీట్ గన్‌తో బోల్టు చుట్టూ హెడ్డుని వేడి చేసి, బిగించే వైపు కొంచెం, విప్పే వైపు కొంచెం ఆడిస్తూ ప్రయత్నించండి. హీట్ గన్ వాడేముందు చుట్టుపక్కల పెట్రోల్ డబ్బా లేదని మాత్రం చూసుకోండి. అయినా రాకపోతే హెడ్డు జోలికి పోకుండా మోటారు మీదే చేయండి.

ఫోర్ స్ట్రోక్ అయితే నా సలహా వేరు. హెడ్డు తీస్తే టైమింగ్ బెల్టు లేదా చైను, వాల్వులు అన్నీ కదులుతాయి. కొన్ని చిన్న ఇంజన్లలో హెడ్డు, సిలిండరు కలిపి ఒకే పోత, విప్పడానికే లేదు. అక్కడ కూడా మోటారు మీదే పని.

కావలసినవి

14 × 1.25 కొలతకి స్పార్క్ ప్లగ్ మరల కిట్ ఒకటి. ఇందులో ప్రత్యేకమైన ట్యాప్, తీగ చుట్టలా ఉండే స్టెయిన్‌లెస్ స్టీల్ ఇన్‌సర్టులు, వాటిని ఎక్కించే చిన్న కడ్డీ ఉంటాయి. హెలికాయిల్ అని అందరూ పిలిచేది ఈ తీగ చుట్టనే. ఇన్‌సర్ట్ పొడవు మీ హెడ్డు మర పొడవుకి సరిపోవాలి, అంటే 12.7 ఎంఎం. 19 ఎంఎంది తెచ్చి కోసుకుందాం అనుకోకండి, కోసిన అంచు సరిగ్గా కూర్చోదు.

కిట్‌లో ట్యాప్ రెండు రకాలు. ముక్కు దగ్గర మామూలు 14 ఎంఎం మర, దాని వెనక పెద్ద మర ఉన్న ట్యాప్ దొరికితే అదే కొనండి. ముక్కు పాత మరల్ని పట్టుకుని దారి చూపిస్తుంది, వెనకది కొత్త మర కోస్తుంది. డ్రిల్లు అక్కర్లేదు. రెండో రకానికి ముందు డ్రిల్లుతో రంధ్రం పెద్దది చేసుకోవాలి. కిట్‌లో ఏ సైజు చెప్తే ఆ సైజే, మామూలుగా 14.3 నుంచి 14.5 ఎంఎం మధ్య ఉంటుంది. చేతి డ్రిల్లుతో ఇది చేయొద్దు. వంకరపోతుంది, ఒక్కసారిగా లోపలికి లాక్కుపోతుంది కూడా. నిలువు డ్రిల్లింగ్ మిషన్ ఉన్న లేత్ షాపుకి హెడ్డు పట్టుకెళ్ళండి.

ఇంకా గ్రీజు, కొంచెం కిరోసిన్, కళ్ళజోడు, కొత్త ప్లగ్, హెడ్డు విప్పితే కొత్త గ్యాస్కెట్, వీలైతే టార్క్ రెంచి (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే పానా).

బల్ల మీద పని

హెడ్డుని వైస్‌లో పెట్టేటప్పుడు రెండు వైపులా చెక్క ముక్కలు వేయండి. గ్యాస్కెట్ కూర్చునే ముఖం మీద గీత పడకూడదు. ప్లగ్ వాషర్ కూర్చునే గుండ్రటి ముఖం సమంగా, నేలకి సమాంతరంగా ఉండేలా బిగించుకోండి.

రంధ్రంలో బొగ్గుని గుడ్డతో, పాత టూత్ బ్రష్‌తో తీసేయండి. ట్యాప్‌కి కిరోసిన్ రాయండి. అల్యూమినియం కోసేటప్పుడు కిరోసిన్ చాలా బాగా పనిచేస్తుంది, రజను ట్యాప్‌కి అంటుకోదు. ట్యాప్‌ని ఎప్పుడూ బయటి వైపు నుంచే, అంటే ప్లగ్ ఎక్కే వైపు నుంచే మొదలుపెట్టండి.

మొదటి రెండు చుట్లే ఈ పనికి ప్రాణం. ట్యాప్ ముక్కుని వేళ్ళతో తిప్పుతూ మిగిలిన పాత మరల్లో ఎక్కించండి. పెద్ద మర అంచుకి తగలగానే ఆగి, మూలమట్టం తీసుకుని ట్యాప్ పక్కన నిలబెట్టండి. ఒక వైపు చూశాక, పావు చుట్టు అవతలి వైపు నుంచి కూడా చూడండి. ఒక వైపు నిటారుగా ఉన్నట్టే ఉండి ఇంకో వైపు పడిపోయి ఉంటుంది, నేను మొదటిసారి దెబ్బతిన్నది అక్కడే. రెండు వైపులా వెలుతురు సందు లేకుండా ఉంటేనే ముందుకెళ్ళండి.

తర్వాత అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి. వెనక్కి తిప్పినప్పుడు రజను తెగుతున్న చిన్న పటుక్కుమనే శబ్దం చేతికి తెలుస్తుంది. రెండు చుట్లకోసారి పూర్తిగా బయటికి తీసి, గాళ్ళు తుడిచి, మళ్ళీ కిరోసిన్. తిరిగి పెట్టేటప్పుడు ముందు కోసిన మరలోనే ఎక్కిందో లేదో వేళ్ళతో తెలుసుకోండి. టీ-హ్యాండిల్‌ని రెండు చేతులతో సమంగా పట్టుకోండి. ఒక చేత్తో తిప్పితే అటు వైపుకే వాలుతుంది.

లోపలి వైపు దాకా కోశాక హెడ్డుని కిరోసిన్‌తో కడిగి, గాలి కొట్టి ఆరబెట్టండి. నీళ్ళ దారుల్లో కూడా రజను దాక్కుంటుంది, అక్కడా గాలి కొట్టండి.

ఇప్పుడు ఇన్‌సర్ట్. దాన్ని కడ్డీ చివర ఎక్కించి, రంధ్రంలోకి నొక్కకుండా తిప్పండి. నొక్కితే చుట్టలు ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తాయి. చుట్ట రంధ్రం కంటే కాస్త పెద్దది, తిప్పేటప్పుడు కుదించుకుని లోపలికెళ్ళి, కడ్డీ తీశాక విచ్చుకుని గోడల్ని పట్టుకుంటుంది. అందుకే మామూలుగా జిగురు అవసరం లేదు. పై చివర వాషర్ ముఖం కంటే పావు నుంచి అర చుట్టు లోపలికి దిగాలి. వాషర్ కింద తీగ ముక్క నిలబడితే కంప్రెషన్ లీకవుతుంది.

హెడ్డు తిరగేసి లోపలి వైపు చూడండి. తీగ కొస దహన గదిలోకి పొడుచుకుని రాకూడదు. వస్తే అది ఎర్రగా కాలి, ఇందాక చెప్పిన పిస్టన్ కరిగే జబ్బే వస్తుంది. కొన్ని ఇన్‌సర్టులకు కింద అడ్డంగా చిన్న నాలుక ఉంటుంది. దాన్ని సన్న కడ్డీ పెట్టి ఒక్క దెబ్బతో విరిచి, ఆ ముక్క నేల మీద కనిపించేదాకా వెతకండి.

కొత్త ప్లగ్‌ని వేళ్ళతో ఎక్కించి చూడండి. వాషర్ తగిలేదాకా చేత్తోనే సాఫీగా పోవాలి. లోపలి వైపు ప్లగ్ మర చివర హెడ్డు గోడతో సమంగా కనిపించాలి.

హెడ్డు తిరిగి వేయడం

గ్యాస్కెట్ ముఖం మీద పాత గ్యాస్కెట్ ముక్కలు మొద్దు కత్తితో తీసి, మందపాటి అద్దం మీద 400 నంబరు నీళ్ళ గరుకు కాగితం పరిచి, హెడ్డుని ఎనిమిది అంకె ఆకారంలో మెల్లగా తిప్పుతూ రుద్దండి. ముఖం అంతా ఒకే మెరుపు రాగానే ఆపండి. కొత్త గ్యాస్కెట్ వేయండి. పాతది బాగానే ఉందిగా అనే పొదుపు ఇక్కడ వద్దు. బోల్టు మరలకి కాస్త మెరైన్ గ్రీజు రాసి, మధ్య నుంచి బయటికి, ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో బిగించండి. ఎంత బిగించాలో మీ మోటారు పుస్తకంలో ఉంటుంది, ఒక్కో మోడల్‌కి ఒక్కో లెక్క.

మోటారు మీదే చేయాల్సి వస్తే

ఔట్‌బోర్డ్‌లో సిలిండరు పడుకుని ఉంటుంది. ప్లగ్ రంధ్రం వెనక్కి, నీళ్ళ వైపు చూస్తుంటుంది. బోటు మీదుంచి చేయకండి. మోటారు తీసి ఒడ్డున గట్టి స్టాండుకి బిగించుకోండి. ప్రొపెల్లర్ పైకి లేచేలా మోటారుని వంచితే చేతికి బాగా అందుతుంది కానీ, అప్పుడు ప్లగ్ రంధ్రం ఆకాశం వైపు తిరుగుతుంది, రజనంతా నేరుగా సిలిండర్లోకే. నిటారుగానే ఉంచండి.

టూ స్ట్రోక్‌లో సిలిండరు గోడకే ఎగ్జాస్ట్ రంధ్రాలు, మిశ్రమం వచ్చే రంధ్రాలు ఉంటాయి. రజను వాటిలోకి పోతే క్రాంక్ కేసు దాకా చేరుతుంది. కాబట్టి పిస్టన్‌ని ముందు పై కొసకి తెచ్చి, అక్కడి నుంచి ఫ్లైవీల్‌ని కొద్దిగా మాత్రమే తిప్పండి. ఆ స్థితిలో పిస్టన్ ఆ రంధ్రాల్ని మూసే ఉంచుతుంది, ట్యాప్ ముక్కుకి కొంచెం చోటూ ఉంటుంది. సన్నటి చెక్క పుల్ల పెట్టి పిస్టన్ ఎంత లోతులో ఉందో కొలిచి, ఆ లోతు ట్యాప్ మీద రంగు టేపుతో గుర్తు పెట్టుకోండి. ఆ గుర్తు దాటితే ట్యాప్ పిస్టన్ నెత్తిని తవ్వుతుంది. ఫ్లైవీల్ కదలకుండా ఎవరినైనా పట్టుకోమనండి.

ఇక్కడ కిరోసిన్ వద్దు, గ్రీజే. ట్యాప్ గాళ్ళ నిండా చిక్కటి గ్రీజు కుక్కండి, రజను దానికి అతుక్కుంటుంది. ఒక్కో చుట్టుకి ట్యాప్ తీసి, తుడిచి, మళ్ళీ కుక్కండి. విసుగు పుడుతుంది. తొందరపడి మూడు చుట్లు ఒకేసారి పోతే మాత్రం గాళ్ళు నిండి గ్రీజుతో సహా లోపలికి తోసుకుంటుంది. నాలుక ఉన్న ఇన్‌సర్ట్ అయితే విరిచిన ముక్క లోపల పడుతుంది, కాబట్టి మోటారు మీద చేసేటప్పుడు నాలుక లేని రకమే తెచ్చుకోండి.

కోయడం అయ్యాక, ఫ్లైవీల్ కదపకముందే, పుల్ల చివర గ్రీజు ముద్ద పెట్టి లోపల తడుముతూ రజను అంటించి తీయండి. అయస్కాంతంతో వస్తుందేమోనని మా బావ పావుగంట తంటాలు పడ్డాడు. అల్యూమినియం అయస్కాంతానికి అంటదు. తర్వాత సన్నటి పైపుతో గాలి కొట్టండి, రజను తిరిగి మీ ముఖం మీదికే వస్తుంది కాబట్టి కళ్ళజోడు తప్పదు. వ్యాక్యూమ్ క్లీనర్ వాడాలనిపిస్తుంది. పెట్రోల్ ఆవిరి ఉన్న చోట దాని మోటారు నిప్పురవ్వ ప్రమాదం, వద్దు. టార్చి వేసి చూసినప్పుడు ఒక్క మెరుపు కూడా కనిపించకపోతేనే ఇన్‌సర్ట్ ఎక్కించండి.

లేత్ షాపులో బుష్

పాత మరలు పూర్తిగా పోయి రంధ్రం పెద్దదైపోతే తీగ చుట్ట నిలవదు. అప్పుడు హెడ్డు లేత్ షాపుకి ఇచ్చి లోపల, బయట మర ఉన్న గట్టి బుష్ వేయించాలి. బుష్‌కి రంధ్రం ఇంకా పెద్దది చేస్తారు కాబట్టి నీళ్ళు తిరిగే దారి ఎంత దగ్గరలో ఉందో వాళ్ళకి ముందే చూపించండి. బళ్ళ హెడ్లు చేసి అలవాటైన వాళ్ళకి లోపల నీళ్ళ దారి ఉంటుందన్న ఊహ ఉండదు. గోడ పల్చబడి చిల్లు పడితే ఉప్పు నీళ్ళు సిలిండర్లోకి చేరతాయి. బుష్ పై అంచు వాషర్ ముఖానికి సమంగా ఉండాలని కూడా గట్టిగా చెప్పండి.

ప్లగ్ బిగింపు

చేత్తో వాషర్ తగిలేదాకా తిప్పండి. టార్క్ రెంచి ఉంటే 14 ఎంఎం ప్లగ్‌కి 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు, 12 ఎంఎంకి 15 నుంచి 20, 10 ఎంఎంకి 10 నుంచి 12. లేకపోతే 14 ఎంఎం కొత్త ప్లగ్‌ని, వాషర్ తగిలాక పానాతో అర చుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు. వాషర్ నలిగి కూర్చున్న పాత ప్లగ్ అయితే పన్నెండో వంతు చుట్టు, అంటే గడియారంలో ముల్లు ఒక అంకె కదిలినంత. ఇంతే. పొడుగు హ్యాండిల్ ఇంట్లో వదిలేసి రండి.

మరలకి గ్రీజు రాయాలా అంటే, ప్లగ్ తయారుచేసే వాళ్ళు పొడిగానే బిగించమంటారు. గ్రీజు ఉంటే అదే బలానికి ప్లగ్ ఎక్కువ బిగుసుకుంటుంది. ఉప్పు నీళ్ళలో తిరిగే మోటారుకి నేను చివరి రెండు మరల్ని వదిలి, మిగిలిన వాటికి వేలితో తుడిచేసినంత పల్చగా రాస్తాను. బిగింపు మాత్రం కాస్త తగ్గిస్తాను.

నడిపి చూడడం

ఔట్‌బోర్డ్‌ని పొడిగా నడపకండి, నీళ్ళ పంపులో రబ్బరు రెక్కలు క్షణాల్లో కాలిపోతాయి. పెద్ద నీళ్ళ డ్రమ్ములో దించి స్టార్ట్ చేయండి. పక్క నుంచి సన్నటి నీటి ధార వస్తోందో లేదో చూసుకోండి. ప్లగ్ మొదలు చుట్టూ సబ్బు నీళ్ళు బ్రష్‌తో పూయండి, కానీ తెల్లటి పింగాణీకి, క్యాప్‌కి తగలనీయకండి. ఇంజన్ నడుస్తుండగా ప్లగ్ క్యాప్ ముట్టుకోకండి, షాక్ కొడుతుంది. బుడగలు వస్తే వాషర్ కూర్చోలేదు. బుసబుస శబ్దం, ప్లగ్ చుట్టూ నల్లటి నూనె మరక కూడా అదే చెప్తాయి.

పది నిమిషాలు నెమ్మదిగా నడిపి, ఆపి, పూర్తిగా చల్లారాక ప్లగ్ విప్పి చూడండి. ఇన్‌సర్ట్ ప్లగ్‌తో పాటు తిరిగి బయటికి రాకూడదు. వస్తే మర పెద్దదిగా కోసుకుపోయినట్టు, అప్పుడిక బుష్షే. రాకపోతే మళ్ళీ బిగించి, మొదటి రెండు వేటలు ఒడ్డుకి దగ్గర్లోనే తిరగండి, బోటులో ఒక తెడ్డు, ప్లగ్ పానా, ఇంకో ప్లగ్ వేసుకోండి.